లారీకి రెండవ ట్యాంకు

తిరునాళ్లకు బండి కట్టిన రైతు మొదట చూచుకొనునది చక్రములను కాదు, కాడిని కాదు, ఎద్దుల మేతను. పోవు దారిలో గడ్డి దొరకునో దొరకదో యని బండి వెనుక నాలుగు మోపులు వేసికొనును. బండి క్రింద కట్టిన గోనె జోలెలో చిట్టు, తవుడు, ఉలవలు పెట్టుకొనును. రెండు దినముల ప్రయాణమైనచో ఆ మేత బండిలో ఒక మూలను సరిపోవును. నాలుగు దినములదైనచో ఇద్దరు మనుష్యుల చోటును ఆక్రమించును. దారిలో పచ్చికయే లేని ఎడారిలో నెలదినములు పోవలసివచ్చినచో, ఆ ఎద్దులు తమ మేతను తప్ప మరి దేనిని మోయలేవు. తన మేతను తానే మోసికొనిపోవు బండికి ఎంత దూరము హద్దు అను ఈ ప్రశ్న ప్రాచీనమైనది. సేనలను నడిపించిన రాజులందరును దీనితో తలపడినవారే.

మోటారు వచ్చిన పిమ్మట ఈ ప్రశ్న తీరిపోయినదని మనము తలంతుము. తీరలేదు. ఎద్దునకు గడ్డి యెట్టిదో లారీకి డీజిలు అట్టిది. లారీ ఒంటరిగా పోవునంతకాలము ఈ సంగతి మరుగున పడియుండును. దాని వెనుక ట్రెయిలరు తగిలించిన నాడు బయటపడును. ఒక చిన్న లెక్క వేసి చూతము. మామూలు బరువుతో పోవు లారీ ఒకటి లీటరునకు 4 కిలోమీటర్లు నడచుననుకొందము. దాని ట్యాంకులో 200 లీటర్లు పట్టును. అనగా 800 కిలోమీటర్ల దూరము నిశ్చింత. ఇప్పుడు దాని వెనుక నిండు ట్రెయిలరు కట్టితిమి. లీటరునకు రెండున్నర కిలోమీటర్లే వచ్చినవి. 500 కిలోమీటర్లకే ట్యాంకు ఖాళీ. త్రోవ మారలేదు, ట్యాంకు మారలేదు; కాని నిన్న చేరిన ఊరు నేడు చేరరాని దూరమైనది.

పోయిన ఆ 300 కిలోమీటర్లను తిరిగి సంపాదింపవలెనన్న మరి 120 లీటర్ల డీజిలు కావలెను. దాని బరువెంత? ఇంచుమించు ఒక క్వింటాలు. అనేక టన్నులను లాగు బండికి క్వింటాలు ఒక బరువా? ఎద్దుల బండికిని మోటారునకును గల భేద మిచ్చటనే యున్నది. మోటారు మేత మిక్కిలి సారవంతమైనది. బరువు దాని చిక్కు కాదు. దాని చిక్కంతయు పాత్రలో నున్నది. గడ్డి కారిపోదు, ఆవిరియై పోదు, నిప్పురవ్వ సోకినంతనే ప్రేలదు. పెట్రోలు ఈ మూడు పనులను చేయును. కావున మోటారు బండ్లు ఎంత దూరము, ఎంత బరువును లాగినవను చరిత్రను వ్రాయబూనినవారు ఇంజనుల బలమును మాత్రమే లెక్కించిన చాలదనియు, నూనె పోసిన డబ్బాలను, ట్యాంకులను గూర్చి కూడ విచారింపవలెననియు మా అభిప్రాయము. ఇంజనుకు దక్కిన కీర్తి డబ్బాకు దక్కలేదు.

మొట్టమొదటి దూరప్రయాణమే ఇందుకు సాక్ష్యము. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అను నామె తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల బండిలో, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు ప్రయాణమయ్యెను. దూరము సుమారు 100 కిలోమీటర్లు. ఆ బండికి వేరుగా ట్యాంకనునదే లేదు. కార్బురేటరులో పట్టిన కొన్ని లీటర్లే దాని సర్వస్వము. త్రోవలో వీస్లోఖ్ అను ఊరిలో ఒక మందుల అంగడియొద్ద ఆగి, బట్టలపై మరకలు పోగొట్టుకొనుటకు అమ్ము లిగ్రాయిన్ అను నూనెను కొని పోసికొనవలసివచ్చెను. ప్రపంచమున మొదటి పెట్రోలు బంకు తమ ఊరి మందుల అంగడియేనని ఆ ఊరివారు నేటికిని చెప్పుకొందురు.

తరువాత ట్యాంకులు వచ్చినవి. కాని ట్యాంకులోని పెట్రోలు ఇంజనును చేరుటెట్లు? 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి కారులో ట్యాంకు ముందు సీటు క్రింద నుండెను. పెట్రోలు తన బరువుచే తానే పల్లమునకు ప్రవహించి కార్బురేటరును చేరెడిది. నేల సమముగా నున్నంతవరకు బాగుగనే యుండెను. నిటారు గట్టు ఎక్కునపుడు కారు ముక్కు పైకి లేచి, ట్యాంకులోని కొద్దిపాటి పెట్రోలు కార్బురేటరు కంటె దిగువకు పోయెడిది. ఇంజను దాహముతో ఆగిపోయెడిది. అందుచేత ఆనాటివారు కారును వెనుకకు త్రిప్పి, వెనుక గేరులో గట్టు నెక్కించెడివారు. వినుటకు వింతయైనను ఇది పదిమంది ఎరిగిన ఉపాయమే.

ఈ చిక్కును తప్పించుటకు పుట్టినదే ఆటోవాక్ అను చిన్న పాత్ర. పెద్ద ట్యాంకు బండి వెనుక నుండును. ముందు భాగమున, కార్బురేటరు కంటె ఎత్తున ఒక చెంబంత పాత్ర నుంచెదరు. ఇంజను గాలిని పీల్చునపుడు పుట్టు శూన్యబలముచే ఆ చిన్న పాత్ర పెద్ద ట్యాంకునుండి పెట్రోలును లాగికొనును. అచ్చటినుండి అది ఇంజనుకు జారును. ఒక విధమున లారీలకు రెండవ ట్యాంకు అలవాటైన దిచ్చటనే. కాని దీనికొక దుర్గుణము కలదు. బరువుతో కొండ నెక్కునపుడు డ్రైవరు యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కును. త్రొక్కినపుడు శూన్యబలము సన్నగిల్లును. పీల్పు లేక చిన్న పాత్ర నిండదు. ఇంజనుకు మేత మిక్కిలి కావలసిన క్షణముననే మేత ఆగిపోవును! ట్రెయిలరును లాగువానికి ఇంతకంటె ద్రోహము చేయు పనిముట్టు మరి యుండదు. నూనెను తోడు పంపులు వాడుకలోనికి వచ్చిన పిమ్మట ఈ బాధ తీరెను. ట్యాంకును బండిలో ఎచ్చట నుంచినను చెల్లును, ఒకటికి రెండు ఉంచినను చెల్లును అను స్వేచ్ఛ కలిగెను.

ఈలోగా ఎడారులు మోటారును పరీక్షింపసాగెను. న్యూజిలండు దేశస్థులగు నార్మన్, జెరాల్డ్ నైర్న్ అను సోదరులు మొదటి ప్రపంచ యుద్ధానంతరము పశ్చిమాసియాలో నిలిచిపోయి, 1923లో డమాస్కసు, బాగ్దాదు నగరముల నడుమ 500 మైళ్లకు పైబడిన ఎడారి గుండ మోటారులను నడుపనారంభించిరి. త్రోవలో ఊరు లేదు, నీరు అరుదు. నడుమ రుత్బా బావులయొద్ద కోటయు విశ్రాంతిగృహమును వెలసిన పిమ్మటగాని ఆ ప్రయాణము సులభము కాలేదు. అయినను ఆ సోదరులు 1930 తరువాతి దశకమున, లారీ వంటి ముందు బండి వెనుక బస్సంత ట్రెయిలరును తగిలించి, జనులను సుఖముగా ఎడారి దాటించిరి.

ఇక రెండవ ప్రపంచ యుద్ధము. డబ్బా కథలో మిక్కిలి విచారకరమును, మిక్కిలి రసవత్తరమును నగు ఘట్టమిదియే. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిషు సేన తన పెట్రోలును 4 గాలన్లు పట్టు పలుచని రేకు డబ్బాలలో మోసెను. మన ఇండ్లకు కిరసనాయిలు వచ్చిన చదరపు డబ్బాను మనమెరుగుదుము; ఇది దాని తోబుట్టువే. మన ఇండ్లలో ఆ డబ్బా నూనె అయిపోయిన తరువాత కావడికెక్కి నీళ్లు మోసినది, ధాన్యము కొలిచినది, తులసిమొక్కకు కుండీ యైనది. శాంతికాలమున అంత ఉపకారి. కాని రాళ్లపై ఎగురుచు పోవు సైనిక లారీలో అది ఒక దినము నిలువలేదు. అతుకులు విడెను, అడుగులు చిల్లులు పడెను. లారీల అడుగున పెట్రోలు మడుగులు కట్టెను. నిప్పంటుకొని బండ్లు తగులబడెను. సైనికులు దానికి పెట్టిన పేరు కూడ 'బలహీనమైనది' అను అర్థము నిచ్చునదే. స్థావరమున బయలుదేరిన పెట్రోలులో వాడువారిని చేరునప్పటికి నూటికి 30 పాళ్లు నష్టమగుచున్నదని అప్పటి సేనాపతి ఆకిన్‌లెక్ గమనించెను. సముద్రము మీద ఓడలు మునుగుచు, నావికులు ప్రాణము లొడ్డి తెచ్చిన నూనెలో మూడవ వంతునకు కొంచెము తక్కువ భాగము ఇసుకపాలయినదన్నమాట.

ఎదుటి పక్షమున జర్మనుల చేతిలో వేరొక డబ్బా యుండెను. 1937లో జర్మనీలో ష్వెల్ము పట్టణపు ముల్లర్ కంపెనీలో విన్‌ట్సెన్స్ గ్రూన్‌ఫోగెల్ అను ఇంజనీరు రూపొందించిన 20 లీటర్ల ఉక్కు పాత్ర అది. దాని నిర్మాణములో ప్రతి వివరమును ఆలోచనతో నిండియున్నది. పైన ఒకటి కాక మూడు పిడులు: నిండుదానిని ఇద్దరు చెరియొక పిడి పట్టి మోయవచ్చును, ఖాళీవైనచో ఒక్కడే చేతికి రెండు చొప్పున నాలుగు మోయవచ్చును. మూతిలో గాలి గొట్టము. అందుచే పోయునపుడు గుటగుటమని చిందక ధార సాఫీగా వచ్చును. మూత మరతో త్రిప్పునది కాదు, మీటతో బిగియునది. గరాటు అక్కరలేదు, పానా అక్కరలేదు. రెండు రేకులు కలిసిన అతుకు లోతున దాగియుండుటచే రాతి దెబ్బ తగులదు. లోపల కొంత గాలి నిలుచుటచే నీటిలో తేలును.

ఈ డబ్బా శత్రువులకు తెలియుటలో మన దేశమునకు కూడ ఒక చిన్న పాత్ర కలదు. బెర్లినులో పనిచేయుచున్న పాల్ ప్లైస్ అను అమెరికను ఇంజనీరు 1939లో తన జర్మను మిత్రునితో కలిసి ఒక కారును సిద్ధపరచి, నేలదారిని భారతదేశమునకు బయలుదేరెను. అత్యవసరమునకు నీరు మోయు పాత్రలు లేవని తోచగా, ఆ మిత్రుడు టెంపెల్‌హోఫ్ విమానాశ్రయమున నిలువచేసియున్న ఈ డబ్బాలను మూడింటిని తెచ్చెను. పదునొకండు దేశముల సరిహద్దులు దాటిరి. అంతలో జర్మను ప్రభుత్వము విమానమును పంపి ఆ మిత్రుని వెనుకకు రప్పించుకొనెను. అతడు పోవుటకు ముందు డబ్బా తయారగు విధమునంతటిని ప్లైస్‌నకు చెప్పివేసెను. ప్లైస్ ఒంటరిగా కలకత్తా చేరి, కారును అచ్చట భద్రపరచి, విమానమున స్వదేశమునకు పోయి, సైన్యాధికారులకు ఈ సంగతి విన్నవించెను. వారు చెవిని పెట్టలేదు. 1940 వేసవిలో కారు డబ్బాలతో సహా తిరిగి చేరినది. ఒక డబ్బాను వాషింగ్టనుకు పంపెను. అప్పటికిని అధికారులు మొదటి యుద్ధము నాటి పది గాలన్ల పాత డబ్బావైపే మొగ్గు చూపిరి. దానిని తెరచుటకు పానా కావలెను, పోయుటకు గరాటు కావలెను. కలకత్తాలో నెలల తరబడి ఒక షెడ్డులో పడియున్న ఆ కారులోని వస్తువు విలువను గ్రహించువారు ఆనాడు లేకపోయిరి.

ఎడారిలోని సైనికులు మాత్రము ఆజ్ఞలకై ఎదురుచూడలేదు. శత్రువు విడిచిపోయిన డబ్బాలను ఏరుకొని దాచుకొనిరి. జర్మనులకు వారు పెట్టిన మారుపేరు 'జెర్రీ'. కావున డబ్బా 'జెర్రీ క్యాన్' అయ్యెను. చివరకు బ్రిటిషువారును, అమెరికనులును దానినే అనుకరించి లక్షల కొలదిగా చేసిరి.

ఆ ఎడారిలో పెట్రోలు ఇసుకలో ఇంకుచున్న కాలముననే మన ఊళ్లలో ఏమి జరుగుచుండెను? పెట్రోలు రేషను. బస్సు వెనుక బొగ్గుల కొలిమి వంటి యంత్రము కట్టి, బొగ్గును సగము కాల్చగా వచ్చు వాయువుతో ఇంజనును నడపిరి. అవియే మన పెద్దలు జ్ఞాపకము చేసికొను బొగ్గు బస్సులు. బయలుదేరుటకు చాల ముందుగానే ఒకడు చక్రము త్రిప్పి కొలిమిని రాజేయవలెను. బలము తక్కువ, గట్టు వచ్చినచో ప్రయాణికులు దిగి నడువవలెను, ఒక్కొక్కప్పుడు త్రోయవలెను. లండనులో కొన్ని బస్సుల వెనుక ఈ యంత్రమునే ఒక చిన్న ట్రెయిలరుగా చేసి తగిలించిరి. అనగా బండి తన మేతను మోయలేక, మేతనే మరియొక బండిగా లాగినది! బొగ్గు బస్సును త్రోసిన మన ప్రయాణికునికి ఎడారిలోని చిల్లి డబ్బాతో గల సంబంధము తెలియదు. కాని సంబంధము లేకపోలేదు.

1944లో ఈ విషయము మరింత స్పష్టమయ్యెను. నార్మండీ తీరమునుండి ఫ్రాన్సులోనికి చొచ్చుకుపోయిన అమెరికను సేనలు ఎంత వేగముగా సాగెనో అంత వేగముగా తమ నూనెకు దూరమయ్యెను. రైలు మార్గములు బాంబులచే ధ్వంసమై యుండెను. ఆగస్టు 25వ తేదీనుండి నవంబరు 16వ తేదీవరకు 'రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్' అను పేర లారీల ప్రవాహము ఒకటి నడచెను. వెళ్లుటకు ఒక త్రోవ, వచ్చుటకు మరియొక త్రోవ. రాత్రింబగళ్లు విరామము లేదు. ఉచ్చదశలో సుమారు 6,000 బండ్లు దినమునకు 12,000 టన్నులకు పైగా చేరవేసెను. డ్రైవరులలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు నీగ్రో జాతివారని అప్పటివారు పిలిచిన ఆఫ్రికా సంతతి అమెరికనులు. తమ సేనలోనే వేరుపంక్తిని కూర్చుండబెట్టబడినవారు ఆ సేన కంతటికిని అన్నము పెట్టిరి. అయితే ఆ లారీలే దినమునకు సుమారు 3 లక్షల గాలన్ల పెట్రోలును త్రాగెను. ముందున్న సేనాపతి ప్యాటన్ ఆగస్టు చివరి దినములలో మ్యూజ్ నదీప్రాంతమున పెట్రోలు లేక నిలిచిపోయెను. మేతను మోయు ఎద్దే మేతను తినివేయుట యను రైతు లెక్క అచ్చట సైన్యమంతటికి వర్తించినది.

యుద్ధము ముగిసినది. మిగిలిన బండ్లు అంగడికి వచ్చినవి. అందొకటి మన కథలోనికి వచ్చును. చికాగో నగరపు డైమండ్ టి కంపెనీ బ్రిటిషు సేన కోరికపై ఒక పెద్ద లారీని చేసియుండెను. యుద్ధ శకటములను ఎక్కించిన ట్రెయిలరులను లాగుట దాని పని. ఆస్ట్రేలియా నడిమధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్సులో కర్ట్ జొహాన్సెన్ అను మెకానికు అట్టిదానిని ఒకదానిని సంపాదించెను.

ఆ దేశపు త్రోవలను గూర్చి ఒక మాట చెప్పవలెను. ఆలిస్ స్ప్రింగ్సు నుండి ఉత్తర తీరమున డార్విన్ వరకు సుమారు 1,500 కిలోమీటర్లు. పూర్వము ఆ మధ్యభూమిలో సరకులను మోసినవి ఒంటెలు. వానిని తోలినవారు ఆఫ్ఘనిస్తానము, బెలూచిస్తానము, పంజాబు, సింధు ప్రాంతములనుండి పోయినవారు. అందరిని కలిపి 'ఆఫ్ఘనులు' అనిరి. 1934లో ప్రభుత్వము ఇంగ్లండునుండి ఎ.ఇ.సి. కంపెనీ వారి ఎనిమిది చక్రముల డీజిలు లారీని, రెండు ట్రెయిలరులతో తెప్పించెను. లారీ త్రొక్కిన జాడలోనే ట్రెయిలరు చక్రములును వచ్చునట్లు దానిని కూర్చిరి. జొహాన్సెన్ ఆ కిటుకును గ్రహించి, తనదైన రీతిని ట్రెయిలరులు నిర్మించి, డైమండ్ టి లారీకి తగిలించి పశువులను తోలెను. రోడ్డు రైలు అను పద్ధతి ఆ ప్రాంతమున ప్రైవేటు వ్యాపారముగా నిలుచుటకు ఆయన కారకుడు. ఆ లారీకి ఆయన ముద్దుగా పెట్టిన పేరు బెర్తా. 1888 నాటి బెర్తా బెంజ్‌కును దీనికిని సంబంధము లేదు. అయినను కొన్ని లీటర్ల నూనెతో బయలుదేరి మందుల అంగడి కొరకు వెదకిన ఆ బెర్తాను, వందల లీటర్లతో ఎడారిని దాటిన ఈ బెర్తాను ఒక్కచోట తలచుకొనుట మాకు సంతోషముగా నున్నది. ఈ లారీ నేడు ఆలిస్ స్ప్రింగ్సు ప్రదర్శనశాలలో విశ్రాంతి గైకొనుచున్నది. దాని సంతతి 50 మీటర్లకు మించిన పొడవున మూడు, నాలుగు ట్రెయిలరులను లాగుచున్నది. ఆ లారీలకు రెండు ప్రక్కలను ట్యాంకులుండి, వేయి లీటర్లకు మించి డీజిలు పట్టుట అచ్చట సామాన్యము.

రెండవ ట్యాంకును తగిలించుట పైకి సులభముగా కనుపించును. ఇనుప పెట్టె యొకటి, గొట్టము ఒకటి. అంతేకదా అని తోచును. కాని ఇందును అనుభవము నేర్పిన జాగ్రత్తలు కలవు. రెండు ట్యాంకులను అడుగున ఒకే గొట్టముతో కలిపినచో రెంటను మట్టము సమముగా నిలుచును. ఇది అన్నింటికంటె తేలికయైన పద్ధతి. కాని ఒకవైపు వాలిన రోడ్డున ఎత్తునున్న ట్యాంకు పల్లమునున్న దానిలోనికి దిగి, మూతగుండ పొరలిపోవును. రాయి తగిలి ఆ గొట్టము తెగినచో రెండును ఒక్కసారిగా ఖాళీయగును. రెండవ పద్ధతి నడుమ కుళాయి పెట్టుట: ఒకటి అయిపోయిన పిమ్మట రెండవదానికి త్రిప్పుకొనవచ్చును. మూడవది చిన్న పంపుతో అదనపు ట్యాంకునుండి అసలు ట్యాంకులోనికి తోడుట.

కుళాయి పద్ధతిలో డీజిలు ఇంజను ఒక వింత చేయును. అది వచ్చిన డీజిలునంతటిని కాల్చుకొనదు. మిగిలినదానిని వేరు గొట్టము ద్వారా ట్యాంకునకు త్రిప్పిపంపును. కొత్త పనివాడు డీజిలు పోవు గొట్టమును మాత్రము రెండవ ట్యాంకునకు కలిపి, తిరిగివచ్చు గొట్టమును మరచినాడనుకొందము. ఇంజను రెండవ ట్యాంకునుండి త్రాగుచు మొదటి ట్యాంకులోనికి వదలుచుండును. మొదటిది నిండి రోడ్డుపై పొరలిపోవును; రెండవది అనుకొన్నదానికంటె ముందే ఎండిపోవును. డ్రైవరునకు లెక్క అర్థము కాదు. కావున పోవునదియు వచ్చునదియు ఒకే కుళాయిచే కలిసి తిరుగవలెను.

ఇక ట్యాంకులోపల అడ్డు రేకులు ఉండవలెను. అవి లేనిచో బ్రేకు వేసినపుడు వంద లీటర్ల డీజిలు ఒక్క ఊపున ముందుగోడను తన్నును. కొన్ని నెలలలో అతుకులు విడును. గాలి పీల్చు సన్నని రంధ్రము తప్పక ఉండవలెను, లేనిచో పంపు లాగుకొలది ట్యాంకు లోపలికి నొక్కుకొనిపోవును. ట్యాంకును పొగగొట్టమునకు దూరముగా నుంచవలెను. ట్రెయిలరు ముందే లారీ తోకపై భారము మోపును కనుక, ట్యాంకును వెనుక ఇరుసునకు ముందు భాగమున, డ్రైవరు గదికి దగ్గరగా అమర్చుట మేలు. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము బండి నిర్మాణమును తయారుచేసినవారి వివరములకు భిన్నముగా మార్చుటను నిషేధించినది. కావున కమ్మరి కొలిమిలో చేయించిన పెట్టెను బోల్టులతో బిగించుటకు ముందు రిజిస్ట్రేషను అధికారి వాకిలి చూచుట అవసరము. డీజిలును ప్లాస్టికు డబ్బాలలో పోసి క్లీనరు కాళ్లయొద్ద పెట్టుకొని పోవువారిని చూచునపుడు, ఎడారిలో కారిన ఆ రేకు డబ్బాలు మాకు జ్ఞప్తికి వచ్చును.

పాతకాలపు డ్రైవరులు ట్యాంకు సూచికను నమ్మెడివారు కారు. లారీ ఆపిన ప్రతిచోటను క్రిందకు దిగి, మూత తీసి, గీతలు పెట్టిన వెదురు బద్దను ట్యాంకులోనికి దించి, తడిసినంత మేర బొటనవ్రేలితో పట్టుకొని, వెలుగునకు ఎత్తి చూచుకొనెడివారు. రెండు ట్యాంకులున్న లారీకి రెండవ ప్రక్కకు నడచి, ఆ పని మరల చేసెడివారు.